కారణం: చూసేవారు లేరు

కొనకనమిట్ల,
జూన్ 9

ఫెబీకి,

మీ అత్త ఎలీషబా వందనాలు. నేను బాగున్నాను. నువ్వు వేళకు అన్నం తింటున్నావని అనుకుంటున్నాను.

ఏప్రిల్‌లో నువ్వు పెట్టించి పోయిన డిష్ గురించి రాస్తున్నాను. రెండు నెలలు రెండువందల నలభై కట్టినాను. నిన్న బస్టాండు కాడ రాజేష్ దుకాణానికి రీచార్జికి పోతే మూడువందల తొంభై అన్నాడు. నాకు వినపడదు కదా, వేళ్ళతో చూపించినాడు. నమ్మక అట్లనే నిలబడితే కాగితం వెనక రాసి చూపించినాడు. "ఏందిరా ఇది? నూటయాభై ఎట్ల పెరిగింది?" అంటే నా సెల్లులో వచ్చిన మెసేజి తీసి నా ముందు పెట్టినాడు. అది ఇంగ్లీషు. వాడికీ రాదు, నాకూ రాదు. ఇద్దరం కలిసి దాన్ని చాలాసేపు చూసినాము.

నీకు జీతం ఇచ్చే కంపెనీదే ఆ డిష్ కాబట్టి అడగాలంటే మొగమాటంగా ఉంది. తీసేయమందామంటే నీ మొదటి జీతం డబ్బుతో పెట్టించినావు. శబ్దం లేకపోయినా మనుషుల మొహాలు కదులుతుంటే ఇంట్లో ఎవరో ఉన్నట్టుంటుంది. వార్తల్లో కింద పోయే అక్షరాలు చదువుతాను. మొదట మూడు మాటలు పట్టుకునేసరికి వరుస వెళ్ళిపోయేది. ఇప్పుడు సగం అందుతుంది.

పోస్టు గురుస్వామి నా మొహానికి ఎదురుగా నిలబడి, పెదాలు నాకు అర్థమయ్యేటట్టు నిదానంగా కదిలించి, "ఈ కాలంలో ఉత్తరాలు రాసుకునేది మీరిద్దరే అక్కా" అన్నాడు. "నీ ఉద్యోగం నిలబడేది మా వల్లే" అన్నాను. నవ్వుకుంటా పోయినాడు.

మూడువందల తొంభై కట్టాలా వద్దా, రాయి.

మీ అత్త,
ఎలీషబా


విజయవాడ,
జూన్ 17

అత్తా,

వందనాలు. కట్టొద్దు. తప్పు నాది.

డిష్ పెట్టినప్పుడు మూడు అదనపు ప్యాకులు రెండు నెలలు ఉచితంగా ఇచ్చారు. సినిమాల ప్యాకు, పిల్లల బొమ్మల ప్యాకు, ఇంగ్లీషు వార్తల ప్యాకు. గడువు లోపల మనమే ఫోన్ చేసి వద్దని చెప్పకపోతే అవి డబ్బులకు మారిపోతాయి. నేను చెప్పడం మరిచిపోయాను. ఇంట్లో పిల్లలు లేరు, ఇంగ్లీషు చదివేవాళ్ళు లేరు, అయినా నెలకు నూటయాభై.

నీకు ఇన్నాళ్ళూ ఆఫీసులో కూర్చునే పని అని మాత్రమే చెప్పాను. అసలు పని ఇది. "మీ డిష్ మాకొద్దు, తీసేయండి" అని ఫోన్ చేసినవాళ్ళు నా దగ్గరికి వస్తారు. వాళ్ళను పోనివ్వకుండా ఆపాలి. రోజుకు నలభై యాభై మందిని బతిమాలుతాను.

ఇప్పుడు చెప్పేది బయట చెప్పకూడదు. చెప్పనని సంతకం పెట్టాను. నీకు మాత్రమే రాస్తున్నాను.

మా దగ్గర మూడు మెట్లు ఉంటాయి. తీసేయమన్న మనిషికి మొదట ముప్ఫై రూపాయలు తగ్గిస్తామంటాము. చాలామంది సరేనంటారు. ఒప్పుకోకపోతే రెండో మెట్టు, అదనపు ప్యాకులు తీసేస్తామంటాము. మూడో మెట్టు అడిగినవాళ్ళకు కాదు, అడగకుండా ఆగినవాళ్ళకు. ఆరు నెలలపాటు నెలకు నూటతొంభై. అది పైవాళ్ళు మా చేతికిచ్చిన ఆఖరి ధర.

తీసేయడానికి కారణం అడుగుతాము. కంప్యూటర్‌లో ఒక జాబితా ఉంటుంది. "ధర ఎక్కువ" అని నొక్కితేనే మెట్లు తెరుచుకుంటాయి. "ఊరు మారుతున్నారు" అంటే వేరే ఆఫర్. అన్నిటికంటే కింద "చూసేవారు లేరు" అని ఒకటుంది. దాన్ని నొక్కితే ఏ ఆఫరూ రాదు, నేరుగా తీసేసే పేజీ వస్తుంది. పొరపాటున కూడా ఆ మాట అనకు. ధర ఎక్కువ అను.

నువ్వే చేయాలి అత్తా. రాజేష్‌కు అప్పజెప్పావంటే మొదటి మెట్టు దగ్గరే సరేనంటాడు. అతను స్పీకర్ పెట్టి పక్కన వింటే చాలు. ఫోన్ కలిసిన దగ్గర్నుంచి ఇరవై లెక్కపెట్టి ఒకటి నొక్కు, అది తెలుగు. మళ్ళీ ముప్ఫై లెక్కపెట్టి నాలుగు నొక్కు, అది తీసేయడం. తరువాత పాట వస్తుంది. మనిషి వచ్చాక "ధర ఎక్కువ, తీసెయ్యండి" అను. అంతే. ఇంకేం మాట్లాడొద్దు. మౌనంగా పది సెకన్లు గడిస్తే మాకు మార్కులు పోతాయి. ఫోన్ మేం పెట్టేయకూడదు. అవతలివాళ్ళు మాట్లాడకపోతే భయపడి మేమే మెట్టు దిగుతాము. నూటతొంభై అన్నప్పుడు రాజేష్‌ను నీ భుజం తట్టమను. అప్పుడు "సరే, ఉంచండి" అను.

నీ ఫోన్ నా డెస్కుకే వస్తుందని ఆశపడకు. ఇక్కడ అరవై మంది ఉన్నాము.

నీ,
ఫెబీ


కొనకనమిట్ల,
జులై 2

ఫెబీ,

నూటతొంభై!

రాజేష్ దుకాణం ముందర స్టూలు వేసుకుని కూర్చున్నాను. నువ్వు రాసిన కాగితం మోకాలి మీద పెట్టుకున్నాను. లెక్కపెట్టి నొక్కినాను. పాట మొదలైందో లేదో ఎట్ల తెలియాలి? ఫోను అరిచేతిలో గట్టిగా పట్టుకుంటే వణుకుతా ఉంది. సమంగా, ఆపకుండా. అదే పాట అనుకున్నాను. కాసేపటికి వణుకు విరిగి విరిగి రాసాగింది. అప్పుడు మనిషి వచ్చినట్టు తెలిసింది.

"ధర ఎక్కువ. తీసెయ్యండి" అన్నాను. ఇంక నోరు మూసుకున్నాను. అది నాకు కష్టమా?

ఫోను వణుకుతుంది, ఆగుతుంది, మళ్ళీ వణుకుతుంది. రాజేష్ మొహం చూస్తే నవ్వు ఆపుకోలేక ఎర్రగా అయినాడు. చివరికి భుజం మీద ఎంత గట్టిగా తట్టినాడంటే ఫోను కింద పడబోయింది. "సరే, ఉంచండి" అన్నాను. వాడు చెప్పినది ఏమంటే, అవతల అబ్బాయి "అమ్మా, ఉన్నారా? అమ్మా, కోపమా?" అని ఏడెనిమిదిసార్లు అడిగినాడంట. పాపం అనిపించింది.

పాపమ్మ అక్కడే ఉంది. మన వెనక వీధిలో గొర్రెలు మేపుకునే పాపమ్మ. ఆమె కూడా నాలుగువందలు కడుతుందంట. "నేనూ చేసినా వదినా. ఆ పిల్ల అమ్మా, అమ్మా అని అంత మర్యాదగా అడుగుతుంటే నాకు కాదనబుద్ధి కాలే. ముప్ఫై తగ్గిస్తానంటే చాల్లే తల్లీ అని పెట్టేసినా" అన్నది. నా చేతిలో తన ఫోను పెట్టింది. ఏం చేయను? ఆమెకూ చేసిపెట్టినాను. నువ్వు చెప్పిన సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకు వినపడదు కాబట్టి బేరం కుదిరిందని అనుకుంటున్నారు. అట్లనే అనుకోనీ.

ఫోను వణుకుతుంటే నీ వీపు గుర్తొచ్చింది. నువ్వు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు, మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో మిషను కాడ నా చెవులు అప్పుడే పోతా ఉన్నాయి. మీ నాయన అంచు విరిగిన పలకలు ఇంటికి తెచ్చేవాడు. నువ్వు గుణింతాలు గట్టిగా చదివేదానివి. నేను నీ వీపు మీద చెయ్యి పెట్టుకుని, పలక మీద నీ వేలు చూసుకుంటా నేర్చుకున్నాను. మన ఇంట్లో బడికి పోయింది నువ్వు ఒక్కదానివే. చదువుకున్నది ఇద్దరం.

మీ అత్త,
ఎలీషబా


విజయవాడ,
జులై 20

అత్తా,

నీ ఉత్తరం చదివి హాస్టల్ గదిలో ఒక్కదాన్నే పైకి నవ్వాను. ఆ శబ్దం నాకే కొత్తగా అనిపించింది.

గదిలో నలుగురం ఉంటాము. నలుగురివీ నాలుగు షిఫ్టులు. నేను వచ్చేసరికి ఒకామె నిండా దుప్పటి కప్పుకుని పడుకొని ఉంటుంది. నేను లేచేసరికి ఆమె మంచం ఖాళీగా ఉంటుంది. ఇంకొకామె తడి తువ్వాలు చూసి వచ్చి వెళ్ళిందని తెలుసుకుంటాను. ఆరు నెలలైంది. ఒకరి మొహం ఒకరికి సరిగా తెలియదు. ఆఫీసులోకి వెళ్ళేటప్పుడు ఫోన్లు పెట్టెలో వేయించుకుంటారు. బయటికి వచ్చాక తీసుకుంటే అందులో చూడవలసినవి ఏమీ ఉండవు. అందుకే నీ ఉత్తరం వచ్చిన రోజు హాస్టల్ వార్డెన్ నా పేరు పిలిస్తే, ఆ పిలుపు కోసమే ఇంకోసారి వినపడనట్టు నటించాను.

నిన్ను బతిమాలిన ఆ అబ్బాయిని గురించి పాపం అనుకోకు. రోజూ అదే పని. ఒక పెద్దాయన ప్రతి నెలా మొదటి వారం ఫోన్ చేసి తీసేయమంటాడు. నేను "మీరు మా పాత కస్టమర్ సార్, మిమ్మల్ని వదులుకోవడం మాకు ఇష్టం లేదు" అంటాను. "మళ్ళీ చెప్పమ్మా" అంటాడు. చెబుతాను. ఏ ఆఫరూ తీసుకోకుండా పెట్టేస్తాడు.

పాపమ్మ పిన్నికి చేశావు, సరే. ఇంకెవరికీ చేయకు. డిసెంబరులో నన్ను పర్మినెంట్ చేస్తారో లేదో తేలుతుంది. అప్పటిదాకా జాగ్రత్తగా ఉండాలి.

నీ,
ఫెబీ


కొనకనమిట్ల,
సెప్టెంబరు 8

ఫెబీ,

ఆలస్యమైంది. తీరిక దొరకలేదు. ఈ మాట నేను రాస్తానని ఎప్పుడైనా అనుకున్నావా?

నువ్వు వద్దన్నావు. చదివినాను. మడిచి పెట్టినాను. అప్పటికే లీదియా వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. మన చర్చిలో పాటలు పాడే లీదియా. మూడేండ్లుగా ఆరాధన అయినాక నా ముందు నుంచే పోతుంది కాని, నాకు మాట అర్థం కావడానికి టైం పడుతుందని ఎప్పుడూ ఆగలేదు. ఆ రోజు ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క మాట విడదీసి, "ఎలీషబక్కా, మాకూ చేసిపెట్టు" అన్నది. ఎట్ల కాదనేది?

ఇప్పుడు ఆదివారం ఆరాధన కాగానే మన ఇంటికే వస్తారు. నలుగురు, ఐదుగురు. చాప సరిపోక గోతాలు పరుస్తున్నాను. పాపమ్మ పాలు తెస్తుంది. మన ఇంట్లో ఎప్పుడూ టీ తాగని మనిషి, ఇప్పుడు "వదినా, చక్కెర తక్కువేసినావు" అని గదమాయిస్తుంది. ఒకరు ఫోను ఇస్తే నేను నడి మధ్య కూర్చుని పట్టుకుంటాను. అందరూ నోటికి కొంగులు అడ్డం పెట్టుకుంటారు నవ్వు పోకుండా. రెండో మెట్టు దగ్గర లీదియాకు ఆత్రం ఎక్కువ. "చాలక్కా, ఒప్పుకో, ఆ అబ్బాయి ఏడ్చేటట్టున్నాడు" అని నన్ను గిల్లుతుంది. పాపమ్మ ఆమె చేతి మీద ఒకటి వేస్తుంది. "నీ మొగుడితో ఇంత మెత్తగా ఉండరాదా?" అంటుంది. పని అయిపోయినాక కూడా పోరు. కూర్చుంటారు. నా వైపు తిరిగి మాట్లాడుతారు.

ఇప్పటికి పదకొండు ఇండ్లు. తర్లుపాడు నుంచి కూడా ఒకామె ఆటో ఎక్కి వచ్చింది.

నీ ఉద్యోగానికి దీని వల్ల ఏమన్నా వస్తుందా? అరవై మంది ఉన్నారన్నావు కదా. అంతమందిలో ఎవరికి తెలుస్తుందిలే.

మీ అత్త,
ఎలీషబా


విజయవాడ,
అక్టోబరు 16

అత్తా,

తెలిసింది.

నిన్న మా టీమ్ లీడర్ కిరణ్ సార్ అందరినీ పిలిచి ఒక రికార్డింగ్ వినిపించారు. "ధర ఎక్కువ. తీసెయ్యండి" అన్న గొంతు మొదటి మాటకే గుర్తుపట్టాను. ఆరు నెలలుగా వినని నీ గొంతు గోడకున్న స్పీకర్‌లోంచి వచ్చింది. తరువాత ఇంకో రికార్డింగ్, ఇంకో నంబరు, అదే గొంతు. అలా ఏడు వినిపించారు. "పదకొండు కనెక్షన్లు, అన్నీ ఒకటే వైపు, ఒకటే మనిషి. ప్రతిసారీ ఆఖరి ధర దాకా ఆగుతోంది. మన మెట్లు ఈమెకు ఎవరు చెప్పారు?" అని అడిగారు. ఇక్కడ మార్కాపురం వైపు వాళ్ళు ఎవరైనా ఉన్నారా అని కూడా అడిగారు.

నేను చెయ్యి ఎత్తలేదు. నా కాగితాల్లో నాయన బతికున్నప్పటి మార్కాపురం చిరునామా ఉంది. ఎవరైనా తీసి చూస్తే దొరికిపోతాను.

కొత్త నియమం పెట్టారు. అవతలివాళ్ళు మూడుసార్లు పలకకపోతే ఇక ఫోన్ పెట్టేయాలి. పెట్టేయనివాళ్ళ మీద చర్య తీసుకుంటారు.

అత్తా, ఆపేయి. నీకు ఇది ఎలా ఉంటుందో నాకు తెలుసు. గోతాలు పరిచిన సంగతి నాలుగుసార్లు చదివాను. అయినా అడుగుతున్నాను. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ మిరపకోతలకు పోవడమే. అందుకా నన్ను చదివించారు?

నీ,
ఫెబీ


కొనకనమిట్ల,
అక్టోబరు 28

ఫెబీకి,

నీ ఉత్తరం అందింది. ఆపేసినాను.

వచ్చినవాళ్ళకు నాకు చేతకావడం లేదని చెప్పినాను. ఇంక నీ గురించి భయం పెట్టుకోవద్దు. ఉద్యోగం జాగ్రత్తగా చేసుకో.

ఇక్కడ వానలు పడినాయి. కంది బాగుంది. నేను బాగున్నాను.

మీ అత్త,
ఎలీషబా


విజయవాడ,
నవంబరు 14

అత్తా,

నీ ఉత్తరం ఇంత చిన్నగా ఎప్పుడూ లేదు. వెనకవైపు ఏమైనా రాశావేమోనని తిప్పి చూశాను.

కోపం వచ్చిందా? వస్తే తిట్టు. పాపమ్మ పిన్ని, లీదియా వదిన వస్తున్నారా? ఫోన్ల పని లేకపోయినా ఊరికే వస్తారు కదా, అంత అలవాటయ్యాక?

నీ,
ఫెబీ


కొనకనమిట్ల,
నవంబరు 25

ఫెబీకి,

కోపం లేదు. అడిగినావు కాబట్టి రాస్తున్నాను.

పాపమ్మ రెండు ఆదివారాలు వచ్చింది. ఏం మాట్లాడాలో తెలియక కాసేపు టీవీ చూసి లేచింది. మూడో ఆదివారం గొర్రెలు ఈనుతున్నాయని కబురు పెట్టింది. లీదియా వాళ్ళ చెల్లెలికి చేసిపెట్టమని వచ్చినప్పుడు కాదన్నాను. నిజం చెప్పలేను కదా. "తన పని అయిపోయింది, ఎలీషబాకు గర్వం వచ్చింది" అని పోతా పోతా అన్నది. నాకు వినపడదు కదా అని మొహం తిప్పుకోకుండానే అన్నది. పెదాలు కనిపించినాయి.

గోతాలు దులిపి మడిచి అటక మీద పెట్టినాను. ఇల్లు ముందు ఎట్ల ఉండేదో అట్లనే ఉంది. కొత్తగా పోయిందేమీ లేదు.

వార్తల్లో అక్షరాలు ఇప్పుడు వరుస మొత్తం అందుతున్నాయి. ఏం లాభం, ఏముందో ఎవరికి చెప్పేది?

మీ అత్త,
ఎలీషబా


విజయవాడ,
డిసెంబరు 19

అత్తా,

పర్మినెంట్ చేశారు. కాగితం చేతికి ఇచ్చారు. నా పేరు పూర్తిగా అచ్చు వేసి ఉంది, నాయన పేరుతో సహా. నీకు చూపిద్దామని ప్లాస్టిక్ కవరులో పెట్టాను.

క్రిస్మస్‌కు సెలవు దొరకలేదు. పండగల్లో ఫోన్లు ఎక్కువట. గుడ్డలకని కొంచెం డబ్బు మనియార్డరు చేస్తున్నాను. నీ ఆరు నెలల ధర జనవరి మొదట్లో అయిపోతుంది. మళ్ళీ మూడువందల తొంభై అవుతుందేమో. రీచార్జి నేనే ఇక్కడి నుంచి చేస్తాను, నువ్వేం ఆలోచించకు.

ఇక్కడ నన్ను అభినందించినవాళ్ళు ఇద్దరు. ఒకరు కిరణ్ సార్. రెండోది కంప్యూటర్, రంగు కాగితాలు రాలుతున్న బొమ్మ ఒకటి వచ్చింది.

త్వరగా జవాబు రాయి అత్తా.

నీ,
ఫెబీ


విజయవాడ,
జనవరి 12

అత్తా,

నెల కావస్తున్నా నీ జవాబు రాలేదు. ఎందుకు రాలేదో ఈ రోజు తెలిసింది. నువ్వు ఫోన్ చేశావు. అరవై మందిలో నా దగ్గరికే వచ్చింది.

నీకు తెలియదు. అందుకే మొత్తం రాస్తున్నాను.

పదకొండు గంటలు దాటింది. ఫోన్ కలవగానే అందరికీ చెప్పినట్టే నమస్కారం చెబుతున్నాను, ఈలోగా నువ్వు మాట్లాడావు. "మనిషి వచ్చినారు కదా? బేరానికి కాదు బిడ్డా. ఈసారి నిజంగానే తీసెయ్యండి. ఇంట్లో చూసేవాళ్ళు లేరు."

నీకు నేనే రాశాను, ఆ మాట అనొద్దని. దానికి మా దగ్గర ఏ మెట్టూ లేదని నీకు తెలుసు. తెలిసే అన్నావు.

నా ముందు జాబితా తెరుచుకుని ఉంది. అన్నిటికంటే కింద ఆ మాట. వేలు మౌస్ మీద ఉంది. నొక్కలేకపోయాను. "మీరు మా పాత కస్టమర్, మిమ్మల్ని వదులుకోవడం మాకు ఇష్టం లేదు" అన్నాను. నోరు తెరిస్తే అదే వస్తుంది. ఏడాదిగా ముక్కూ మొహం తెలియనివాళ్ళకు రోజుకు యాభైసార్లు చెబుతున్నాను. నీకు ఒక్కసారి కూడా చెప్పలేదు. ఊరి నుంచి వచ్చే రోజు బస్సు కిటికీలోంచి నేను చెప్పింది "రీచార్జి మరిచిపోకు" అని.

నువ్వు మాట్లాడలేదు. నీ ఊపిరి వినపడింది. దూరంగా ఎవరివో మేకలు అరిచాయి. మన తలుపు గొళ్ళెం గాలికి కొట్టుకున్న చప్పుడు వచ్చింది. ఆ గొళ్ళెం చప్పుడు నేను మరిచిపోయానని కూడా నాకు తెలియదు.

మూడుసార్లు పిలిచి పెట్టేయాలి. నేను మూడుసార్లు "అత్తా" అన్నాను. పెట్టేయలేదు. వినపడదని తెలిసీ మాట్లాడాను. గోతాల గురించి క్షమించమన్నాను. ఇంకొకటి, నీకు రాయకుండా దాచింది. ఆ రోజు స్పీకర్‌లో నీ గొంతు వినిపించినప్పుడు అందరూ నవ్వారు. అందరితోపాటు నేనూ నవ్వాను అత్తా. నవ్వకపోతే నా మొహం పట్టించేస్తుందని.

తరువాత చెప్పడానికి మాటలు అయిపోయాయి. నువ్వు మాత్రం పెట్టేయలేదు. ఎందుకో నాకు క కా కి కీ వచ్చింది. చదివాను. చిన్నప్పుడు చదివినట్టే, పక్కవాళ్ళకు వినపడేంత గట్టిగా. క గుణింతం, గ గుణింతం, చ గుణింతం. చుట్టుపక్కల కుర్చీలు నా వైపు తిరిగాయి. కిరణ్ సార్ వచ్చి వెనక నిలబడి తెర మీద నిమిషాలు చూశారు. పద్నాలుగు. "ఎవరితో ఇది?" అన్నారు.

"మా మేనత్త సార్. ఆ రికార్డింగ్‌లు మా మేనత్తవే. మెట్లు చెప్పింది నేనే" అన్నాను.

ఆయన ఇంకోసారి తెర వైపు చూశారు. పది సెకన్లు దాటి ఉంటాయి. తరువాత నా చెవి దగ్గరి మైకు ఆయనే తీసి బల్ల మీద పెట్టారు. రేపు పదిన్నరకు పై అధికారి దగ్గరికి రమ్మన్నారు. ఏమవుతుందో నాకు అర్థమైంది. గుంటూరులో రాత్రి బండి ఎక్కితే ఎల్లుండి తెల్లవారేసరికి మార్కాపురం రోడ్ స్టేషన్‌లో దిగుతాను. ఈ ఉత్తరం నా కంటే వెనక వస్తుందేమో. వస్తే నా ఎదుటే చదువుకో. నోటితో చెప్పమంటే చెప్పలేను.

నీ డిష్ తీసేయలేదు. ఏ కారణమూ నొక్కలేదు.

నీ,
ఫెబీ


కొనకనమిట్ల,
జనవరి 12

ఫెబీకి,

వందనాలు. నీ కాగితం సంగతి చదివి సంతోషం వేసింది. జవాబు రాయడం ఆలస్యమైంది. ఏం రాసినా ఒకటే రాస్తున్నానని రాయలేదు. పర్మినెంట్ అయినావు కాబట్టి ఇంక నా మాటకు నీకు ఇబ్బంది రాదని ఈ రోజు ఒక పని చేసినాను. నువ్వు బాధపడొద్దు.

డిష్ తీసేయమని చెప్పినాను. రాజేష్ కాడికి పోలేదు, ఇంట్లోనే ఒక్కదాన్నే చేసినాను. లెక్కపెట్టి నొక్కినాను. నువ్వు ఏ మాట అనొద్దన్నావో అదే అన్నాను. ఆ మాట అంటే వెంటనే తీసేస్తారన్నావు కదా.

వెంటనే పెట్టేస్తారని చూసినాను. పెట్టలేదు. ఫోను అరిచేతిలో వణుకుతానే ఉంది. మొదట విరిగి విరిగి, మనిషి మాట్లాడినట్టు. చాలాసేపు. ఏం చెప్పినారో నాకెట్ల తెలుస్తుంది? పక్కన తట్టేవాళ్ళు లేరు. నేనే పెట్టేద్దామని వేలు పెట్టినాను. అప్పుడు వణుకు మారింది. పాట మాదిరి కాదు, మాట మాదిరీ కాదు. ఒక వరుస వణికి కాస్త ఆగుతుంది. మళ్ళీ అంతే పొడుగు ఇంకొక వరుస. మళ్ళీ ఆగుతుంది. అరిచేతిలోంచి తీసి గుండెకు ఆనించుకున్నాను. నాకు మార్కాపురంలో మన గది, విరిగిన పలక, నీ రెండు జడలు గుర్తొచ్చినాయి. ఎందుకో రాయలేను. పెట్టేయబుద్ధి కాలేదు. అదే ఆగిపోయిందాక అట్లనే కూర్చున్నాను.

సాయంత్రం టీవీ వేసి చూస్తే వస్తానే ఉంది. వాళ్ళు తీసేయలేదు. పొరపాటు పడినారేమో. నేను మళ్ళీ చెప్పను. ఉండనీలే.

ఆ అరవై మందిలో ఎవరో నాతో అంతసేపు ఉన్నారు. పేరు కనుక్కోవడం నీకు వీలవుతుందేమో చూడు. కనుక్కుంటే, ఈ రోజు అన్నం తిన్నదో లేదో మా అత్త అడగమన్నదని అడుగు.

మీ అత్త,
ఎలీషబా